టీచరు ఉద్యోగం వచ్చింది, కానీ నాకు ఆ అర్హత లేదనిపిస్తోంది

ప్రశ్న (కొత్త టీచరు)
తెలంగాణ 2024 డీఎస్సీలో గణితం స్కూల్ అసిస్టెంటుగా ఎంపికై జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరాను. 11,062 పోస్టుల్లో ఒకటి నాకు దక్కిందని ఇంట్లో అందరికీ సంబరమే. నాకు మాత్రం, చదివిన ప్రశ్నలే వచ్చాయి కాబట్టి గట్టెక్కానని అనిపిస్తుంది. రేపటి పాఠం రెండుసార్లు రాసుకుంటే గానీ నిద్ర పట్టదు. పోయిన వారం ఎనిమిదో తరగతిలో ఎ మైనస్ బి హోల్ స్క్వేర్ విస్తరిస్తూ చివరి బి స్క్వేర్‌కు మైనస్ పెట్టాను. మూడో బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, అక్కడ ప్లస్ కదా" అంది. తుడిచి దిద్దాను. చేతిలో సుద్దముక్క విరిగింది. మిగతా పీరియడ్‌లో ఏం చెప్పానో గుర్తు లేదు. స్టాఫ్‌రూములో తెలుగు మేడం, "నీ పాఠం పిల్లలకు బాగా అర్థమవుతోందట" అంటే, పాపం ఈవిడకు నా సంగతి తెలియదనుకున్నాను. ఇది ఎప్పటికైనా తగ్గుతుందా?

జవాబు (గణితం సార్, 22 ఏళ్ల సర్వీసు)
అమ్మా, మీరు తప్పు గురించి రాశారు. నాకు ఆ అమ్మాయే కనిపించింది. ఆ గుర్తు పట్టుకుందంటే సూత్రం ఒంటబట్టినట్టే. నేర్పిందెవరు? పైగా లేచి చెప్పగలిగింది. నా మొదటి ఏడాది పిల్లలు నేనంటే వణికేవారు. బోర్డు మీద నేను రాసిన తప్పు ఎవరూ చెప్పలేదు. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే వరుసగా అందరి పేపర్లలోనూ అదే తప్పు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మీ తరగతిలో ఆ భయం లేదు. అది నాకు చాలా ఏళ్లకు గానీ చేతకాలేదు.

జవాబు (సైకాలజీ చదువుతున్నాను)
పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు చదువులో, వృత్తిలో రాణించిన 150 మందికి పైగా మహిళలను గమనించి 1978లో ‘నాకు ఆ అర్హత లేదు’ అనిపించే ఈ భావన గురించి రాశారు. డిగ్రీలున్నా సరే, అదృష్టం కలిసొచ్చిందనో ఎదుటివారు పొరబడ్డారనో వాళ్లు నమ్మేవారు. మీ పరీక్ష, మీ తెలుగు మేడం మాట, రెండూ అవే కదా! రెండుసార్లు రాసుకుంటారు, పాఠం బాగా సాగుతుంది, ఆ ఘనత అలా రాసుకోవడానికే ఇస్తారు. మర్నాడు మళ్లీ రాసుకోవడమే. ఒక్క తరగతికైనా ఒకసారే రాసుకుని వెళ్లి చూడండి. ఇది జబ్బు కాదు. అయితే వారాల తరబడి నిద్ర లేకపోతే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

కొత్త టీచరు
సార్, ఇవాళ ఆ అమ్మాయి నోటుబుక్కు తీసి చూశాను. ఆ లైనులో కొట్టివేత లేదు. బోర్డు చూసి రాయలేదు, తనే చేసుకుంది. చాలాసేపు ఆ పేజీ పట్టుకునే ఉన్నాను. రేపు ఎనిమిదికి ఒకసారే రాసుకున్నాను. పదో తరగతికి ఇంకా ధైర్యం చాలలేదు.