ఆదివారం మోడల్ టెస్టా, ఆరాధనా? ఇంటర్ చదివే బిడ్డ విషయంలో తల్లి ఏం చేయాలి?

బెజవాడ తల్లి:

అందరికీ వందనాలు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్నాడు. హాస్టల్ వద్దనుకుని ఇంటి నుంచే పంపిస్తున్నాము. దసరా సెలవుల తరువాత కాలేజీ వారు ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు జె.ఇ.ఇ. మోడల్ టెస్ట్ పెడుతున్నారు. మా మందిరంలో ఆరాధన తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. టెస్ట్ రాయనివారి పేరు ఎదుట సున్నా వేసి, ఆ మార్కుల పట్టికను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు.

టెస్ట్ మాన్పించి మందిరానికి తీసుకురావలసిందేనని మా వారి మాట. అత్తయ్యగారిదీ అదే మాట. బాబు మాత్రం, "నేను దేవుణ్ణి వదిలేస్తానని అనడం లేదమ్మా, టెస్ట్ రాస్తానంటున్నాను" అంటున్నాడు. వాడిని పట్టుబట్టి తీసుకువెళ్ళడం విశ్వాసంలో పెంచడం అవుతుందా, విశ్వాసం మీద విసుగు పుట్టించడం అవుతుందా? ఈ దశ దాటిన తల్లిదండ్రులు వాక్యానుసారంగా తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఒంగోలు మాస్టారు:

అమ్మా, వందనాలు. నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని, బాప్టిస్టు సంఘస్థుడిని. సమాజంగా కూడుట మానవద్దని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. అక్కడ పరీక్షల కాలానికి మినహాయింపు లేదు.

మా ప్రాంత చరిత్ర ఒకటి గుర్తు చేస్తాను. 1866లో మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్య, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్న తరువాత ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో సువార్త వ్యాపించింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజుల్లో సంఘంలో చేరేవారికి ముఖ్యంగా మూడు నియమాలు చెప్పేవారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఊరి పెద్దల పొలం పనికీ తోలు పనికీ పిలిస్తే వెళ్ళక తప్పని మనుషులు "ఆదివారం రాము" అని చెప్పినందుకు ఎన్ని కష్టాలు పడ్డారో మా తాతల నోట విన్నాము. కూలి పోతుందని తెలిసి కూడా వాళ్ళు ఆ మాట అన్నారు. మనం మార్కుల పట్టికలో ఒక సున్నాకు వెనుకాడితే వారి త్యాగానికి విలువేమిటి? 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు హీట్స్ (తొలి విడత పోటీలు) ఆదివారం పెట్టారని స్కాట్లాండ్ క్రైస్తవ క్రీడాకారుడు ఎరిక్ లిడెల్ దానిలో పాల్గొనలేదు. అదే ఒలింపిక్స్‌లో నాలుగు వందల మీటర్ల పరుగులో దేవుడు అతనికి బంగారు పతకం ఇచ్చాడు. మీ అబ్బాయికి ఆ సంగతి చెప్పండి.

సికింద్రాబాద్ నర్సు:

మాస్టారూ, మీ మాటల్లోని భారం అర్థమవుతోంది. అయితే నేను ఇరవై ఏళ్లుగా ఆసుపత్రిలో పని చేస్తున్నాను, నెలలో రెండు ఆదివారాలు నాకు డ్యూటీ పడుతుంది. మన సంఘాల్లో నర్సులుగా ఉన్న తల్లులు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మేము సమాజంగా కూడడం మానినవారమా? విశ్రాంతిదినం మనుష్యుల కొరకే నియమించబడిందని ప్రభువే చెప్పాడు (మార్కు 2:27).

లిడెల్ గురించి ఒక మాట. ఆ ఒలింపిక్స్ నాటికి ఆయన వయస్సు 22 ఏళ్ళు, నిర్ణయం ఆయన సొంతం. తల్లి చెయ్యి పట్టి ఆపలేదు. అదే లిడెల్ తరువాత చైనాలో జపాన్ వారి నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు, ఆదివారం హాకీ ఆడుతూ కొట్టుకుంటున్న పిల్లల కోసం తానే వెళ్ళి రిఫరీగా నిలబడ్డాడు. తన విషయంలో అంత కఠినంగా ఉన్న మనిషి పిల్లల విషయంలో ఎలా ఉన్నాడో కూడా మన ప్రసంగాల్లో చెబితే బాగుంటుంది.

మరొక సంగతి: వైద్య విద్య ప్రవేశానికి దేశమంతా రాసే నీట్ పరీక్ష ఈమధ్య ఏళ్లలో ఆదివారమే జరుగుతోంది. మన సంఘాల్లో ఎందరో పిల్లలు అది రాసి డాక్టర్లయితే వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతున్నాము కదా. సాయంకాల ఆరాధన ఉన్న మందిరం దగ్గరలో ఉంటే బాబును అక్కడికి తీసుకువెళ్ళమని నా సలహా.

ఒంగోలు మాస్టారు:

లిడెల్ వయస్సు విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. నీట్ మాట మాత్రం ఇక్కడ సరిపోదమ్మా. అది ఏడాదికి ఒక్క ఆదివారం, అదీ మధ్యాహ్నం రెండు గంటలకు. ఇక్కడ అడుగుతున్నది నెలల తరబడి ప్రతి ఆదివారం గురించి. మీ డ్యూటీ రోగి ప్రాణం కోసం, ఈ టెస్ట్ ర్యాంకు కోసం. రెండింటినీ ఒకే కాటాలో తూచకూడదు. ఇంటర్‌లో పోయిన అలవాటు ఇంజనీరింగ్‌లో రాదు, ఉద్యోగంలో అసలే రాదు. బోధించిన అనుభవంతో చెబుతున్నాను.

బెంగళూరు యువకుడు:

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నన్ను ఇంటర్‌లో మా నాన్నగారు తప్పనిసరిగా మందిరానికి తీసుకువెళ్ళేవారు. ఆ ఏడాది విన్న ప్రసంగాల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు. గుర్తున్నది మా అమ్మ పిడికెడు బియ్యం. పొద్దున అన్నానికి బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, అలమర పక్కనున్న మూత సత్తు డబ్బాలో వేసేది. నెలాఖరుకు ఆ డబ్బాను మందిరానికి తీసుకువెళ్ళేది. జీతం ఆలస్యమై ఇంట్లో బియ్యం తక్కువైన నెలలో కూడా వేసేది, పిడికిలి మాత్రం కాస్త చిన్నదయ్యేది. దాని గురించి నాకు ఎప్పుడూ ఏమీ బోధించలేదు. ఇప్పుడు నేను మొదటి తారీఖున జీతంలో దశమభాగం తీసి పక్కన పెడుతున్నానంటే అది చూసి నేర్చుకున్నదే. తమ్ముడిని తీసుకువెళ్ళవద్దని నేను అనడం లేదు. వాడి విశ్వాసమంతా ఆ మూడు గంటల మీదే ఆధారపడి ఉందని భయపడవద్దని మాత్రం ఆంటీ గారితో చెప్పాలనిపించింది.

ఖమ్మం గృహిణి:

ఈ చర్చ మొదటి నుంచీ చదివాను. మాస్టారు చెప్పిన పేరయ్య గారి కాలం సంగతిని పట్టుకుని, దాని నుంచి నేను వేరొక చోటికి వస్తున్నాను.

ఆదివారం పని చేయకూడదన్న నియమం ఆ పల్లెలవారికి మోయవలసిన భారంగానే వచ్చిందా? జీవితంలో ఒక్క రోజు కూడా తమది కాని మనుషులకు, వారంలో ఒక రోజు మీద యజమానికి హక్కు లేదని మొట్టమొదట చెప్పిన మాట అది. ద్వితీయోపదేశకాండము 5:14లో విశ్రాంతి ఎవరెవరికి ఇవ్వాలో చదవండి: కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి. తమంతట తాము సెలవు పెట్టుకునే వీలు లేనివారి పేర్లే అక్కడున్నాయి. ఆజ్ఞ వారికి కాదు, వారి మీద అధికారం ఉన్నవారికి. సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం ఆరున్నరకు వెళ్ళి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే పదిహేడేళ్ల పిల్లవాడు ఆ జాబితాలోని వాడే. అందుచేత టెస్ట్ రాయనివ్వడం దయ అని నేను ఒప్పుకోలేను, ఈ విషయంలో నేను మాస్టారి పక్షమే. కానీ వాడిని టెస్ట్ నుంచి లాగి, సున్నా వచ్చిందన్న అవమానం వాడొక్కడి నెత్తిన పెట్టి, మందిరంలో కూర్చోబెడితే అదీ విశ్రాంతి కాదు. మూల్యం చెల్లించవలసింది పెద్దవాళ్ళు. అమ్మానాన్నలు ఇద్దరూ వెళ్ళి ప్రిన్సిపాల్ ఎదుట కూర్చుని, టెస్ట్ మరో రోజుకు మార్చమని అడగాలి. వీలైతే పదిమంది తల్లిదండ్రులను కలుపుకోవాలి. పిల్లల మనస్సు కుంగకుండా చూడమని కొలొస్సయులకు 3:21లో ఆజ్ఞ ఇచ్చింది కూడా పేరు పెట్టి తండ్రులకే.

ఆ విశ్రాంతి జాబితాలో ఇల్లాలి పేరు లేదు. "నీవు" అన్న పిలుపులో ఆమె కూడా ఉందని పండితులు చెబుతారు, కావచ్చు. అయినా మన ఇళ్లలో ఆదివారం ఎలా గడుస్తుందో చెప్పుకుందాం. తెల్లవారుజామున లేచి మసాలా నూరి, కోడికూర సగం ఉడికించి పొయ్యి కట్టేసి, అందరి బట్టలూ ఇస్త్రీ చేసి, చంటిది ఉంటే దానికి పాలు పట్టి, ఆరాధనకు చివరగా చేరేది తల్లి. పన్నెండున్నరకు అందరికన్నా ముందు ఇంటికి పరుగెత్తేది కూడా తల్లే. వచ్చిన బంధువులు తిని లేచాక గిన్నెలు తోమేసరికి నాలుగవుతుంది. బిడ్డ ఆదివారం గురించి ఇంటిల్లిపాదీ వాదించుకుంటున్నప్పుడు ఆమె ఆదివారం గురించి ఒక్కరు కూడా అడగరు. శనివారం రాత్రే కూర వండి పెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం భర్తా పిల్లలూ అన్నం వడ్డించి గిన్నెలు కడిగే ఇంట్లో, ఆదివారం వేరైన రోజని కొడుక్కి ప్రత్యేకంగా నచ్చజెప్పే పని సగం తగ్గుతుంది.

బెజవాడ తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఈ జవాబులన్నీ మా వారికీ బాబుకీ చదివి వినిపించాను. కాలేజీకి ఇద్దరం కలిసి వెళ్దామని మా వారు ఒప్పుకున్నారు. అక్కడ కాదంటే, ప్రభురాత్రి భోజనం ఉండే మొదటి ఆదివారం టెస్ట్ మానేసి మందిరానికి వస్తానని బాబు తనంతట తాను చెప్పాడు. మిగతా ఆదివారాల విషయంలో తండ్రీ కొడుకుల మధ్య ఇంకా అంగీకారం కుదరలేదు. కోడికూర ప్రస్తావన వచ్చినప్పుడు అత్తయ్యగారు ఏమీ అనలేదు, కాదనలేదు కూడా.

ఒంగోలు మాస్టారు:

మిగతా మూడు ఆదివారాలు వదులుకోవడానికి నా మనస్సు ఒప్పదు, ఆ మాట దాచను. అయినా మీరు కాలేజీకి వెళ్తున్నారు కనుక ఒక సూచన. మీ అర్జీలో క్రైస్తవ పిల్లలకు మినహాయింపు ఇవ్వండని రాయకండి. విద్యార్థులందరికీ వారంలో ఒక రోజు పూర్తి విరామం కావాలని రాయండి. సెలవు దినాల్లో తరగతులు పెట్టవద్దని ఇంటర్మీడియట్ బోర్డు కళాశాలలను పలుమార్లు ఆదేశించింది, ఆ సంగతి కూడా ప్రస్తావించండి. అలా రాస్తే మీ వాట్సాప్ గ్రూపులోని ఇతర మతాల తల్లులు కూడా సంతకం పెడతారు. చిత్తుప్రతి రాసి ఇక్కడ పెట్టండమ్మా, నేను దిద్ది ఇస్తాను.