నకిలీ చాకులని దుకాణాలవాళ్ళు తెలిసే అమ్ముతున్నారా?

మొద్దుబారినవాడు:
పేరున్న కంపెనీ మడత చాకు ఒకటి కొన్నాను. మామూలు ధరలో నాలుగో వంతుకే వస్తుంటే పాత స్టాకేమో అనుకున్నాను. బ్లేడు మీద ఎస్30వి (ఖరీదైన చాకుల్లో వాడే ఒక రకం) స్టీలని చెక్కి ఉంది. పదును తగ్గాక ఇంట్లో ఉన్న మామూలు సానరాయి మీద పట్టాను. అయిదు నిమిషాల్లో వెంట్రుక తెగేంత పదునొచ్చింది. సంబరపడ్డాను. రెండు అట్టపెట్టెలు కోసేసరికి మళ్ళీ మొద్దు! చాకు నకిలీదని తేలిపోయింది, దాని గురించి అడగడం లేదు. అమ్మినవాడికి ఈ సంగతి తెలుసా? తెలిస్తే పేరు పోతుందన్న భయం ఉండదా?

సానరాయి:
ఆ అయిదు నిమిషాలే సాక్ష్యం. ఎస్30విలో కార్బన్ 1.45 శాతం, వెనేడియం 4 శాతం ఉంటాయి. ఈ రెండూ కలిసి స్టీలులో ఏర్పడే వెనేడియం కార్బైడ్లనే గింజలు మామూలు సానరాయి రేణువుల కంటే గట్టివి కాబట్టి ఆ స్టీలు ఓ పట్టాన అరగదు. చాలామంది వజ్రపు పొడి అద్దిన డైమండ్ ప్లేటు వాడేది అందుకే. మీది మెత్తటి చవక స్టీలు అయ్యుంటుంది. లేజర్‌తో ఏ పేరు చెక్కినా ఖర్చు ఒకటే కదా.

పదును సంగతి అలా ఉంచండి, నాకు భయం తెరిచిన బ్లేడు ముడుచుకోకుండా పట్టి ఉంచే లాక్ గురించి. లైనర్ లాక్ అనే రకంలో పిడి లోపలి రేకు పక్కకి వచ్చి బ్లేడు మడమకి నిండుగా ఆనుకోవాలి. నేను విప్పి చూసిన ఒక నకిలీలో అది ఒక మూల మాత్రమే తగులుతోంది. అలాంటిది నాలుగు రోజులు నిలబడుతుంది, ఐదో రోజు గట్టిగా నొక్కినప్పుడు జారి బ్లేడు వేళ్ళ మీదికి ముడుచుకుంటుంది.

లెక్కలబాబు:
అందరూ అమ్మేవాణ్ణి తిడుతున్నారు గానీ, నాలుగో వంతు ధరకి అసలుది రాదని కొన్నవారికి మాత్రం తెలియదా? చాలామందికి కావలసింది పేరు, జేబులో పెట్టుకున్నప్పుడు కనిపించే ఆ క్లిప్పు. అడిగేవాళ్ళున్నారు కాబట్టే తెస్తున్నారు.

మొద్దుబారినవాడు:
బాబుగారూ, బాక్సు మీద గ్యారంటీ కార్డు కూడా ఉందండీ. నేను అడిగింది చవక చాకు, దొంగ చాకు కాదు.

కౌంటర్ వెనకాల:
చాలా ఏళ్ళు కౌంటర్లో పనిచేశాను కాబట్టి చూసింది చెప్తాను. సరుకు హోల్‌సేల్‌లో కలగాపులగంగా వచ్చేది. అసలైన చాకు మీద మాకు మిగిలేది తక్కువ. పైగా కంపెనీ ధర పెట్టాక దాన్ని దాటలేం. నకిలీ మీద సగానికి పైగా మార్జిన్. ఒకసారి కొత్త కార్టన్ విప్పితే అన్ని బాక్సుల మీదా ఒకటే సీరియల్ నంబర్. ఓనర్‌కి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసేసి “నాకు కనపడట్లేదు, అరలో పెట్టు” అన్నారు. బిల్లుంది, సరఫరా చేసినవాడి సంతకముంది, ఇక అడగాల్సిన పనిలేదని ఆయన లెక్క.

పేరు పోతుందన్న భయం అంటారా? లాక్ జారేది ఆర్నెల్ల తర్వాత. అప్పుడు తిట్లు తినేది బ్లేడు మీద పేరున్న కంపెనీయే గానీ మేం కాదు. వెనక్కి తెచ్చేవాళ్ళు నూటికి ఒకరో ఇద్దరో. వాళ్ళకి డబ్బిచ్చేస్తే గొడవ లేదు.

పిడివాదం:
ఆ కళ్ళజోడు తీసెయ్యడమే ఆన్‌లైన్‌లో పెద్ద ఎత్తున నడుస్తోంది. అమెరికాలో నగల కంపెనీ టిఫనీ, ఎవరైనా సరుకు అమ్ముకునే సైట్ ఈబే మీద వేసిన కేసులో 2010లో అప్పీల్ కోర్టు చెప్పింది ఇదే: సైట్‌లో నకిలీలున్నాయని మొత్తం మీద తెలిస్తే చాలదు, ఫలానా లిస్టింగ్ నకిలీదని తెలిసీ ఊరుకుంటేనే ఆ సైట్‌ది తప్పు. తెలుసుకోకపోతే లాభమని వ్యాపారం నడిపేవాడికి ఇంతకంటే ఏం చెప్పాలి?

సానరాయి:
కొంచెం ఆగండి. అది వేరేవాళ్ళ సరుకుకి చోటిచ్చే సైట్ల సంగతి. సొంతంగా కొని అరలో పెట్టి అమ్మేవాడికి ఆ తీర్పు అడ్డురాదు. అక్కడి ట్రేడ్‌మార్క్ సివిల్ కేసుల్లో “నాకు తెలియదండీ” అంటే వదిలెయ్యరు. కేసు వేసే ఓపిక కంపెనీకి ఉండాలి, అంతే.

లెక్కలబాబు:
అయితే బెంచ్‌మేడ్ కంపెనీ చాకుల్లో వచ్చే యాక్సిస్ లాక్‌ని అందరూ కాపీ కొట్టారు కదా, వాళ్ళంతా దొంగలేనా?

సానరాయి:
కాదు. ఆ లాక్‌కి పేటెంట్ వచ్చింది 1998లో, దాని గడువు తీరిపోయింది. ఇప్పుడు ఎన్నో కంపెనీలు అదే తరహా లాక్ పెట్టి సొంత పేరుతో అమ్ముతున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, నా దగ్గరే రెండున్నాయి. స్పైడర్కో అనే చాకుల కంపెనీ బ్లేడులోని గుండ్రటి రంధ్రం మాత్రం ట్రేడ్‌మార్క్. రెన్యూ చేసుకుంటూ పోతే దానికి గడువంటూ ఉండదు. పనితనం చూసి నేర్చుకోవడం వేరు, ఇంకొకడి పేరు చెక్కి అమ్మడం వేరు. మీరు రెండూ ఒకే గంపలో వేస్తున్నారు.

కౌంటర్ వెనకాల:
మొద్దుబారినవారూ, మీ మోడల్‌కి సీరియల్ నంబర్ ఉంటే దుకాణానికి వెళ్ళి ఇంకో పీస్ చూపించమనండి. మీ బాక్సు పక్కన పెట్టి చూడండి.

మొద్దుబారినవాడు:
వెళ్ళొచ్చాను. రెండు బాక్సుల మీదా ఒకటే నంబర్. వాదన లేకుండా డబ్బు తిరిగిచ్చేశాడు. నేను తలుపు దాకా వచ్చి వెనక్కి చూస్తే, నా చాకుని గుడ్డతో తుడిచి బాక్సులో పెట్టి మళ్ళీ అరలో సర్దుతున్నాడు.