పాత కాలపు కథ అయిన ‘ఉఖో’ చిత్రాన్ని 1970లో ఎందుకు నిషేధించారు?

ప్రశ్న (రెండో ఆట):
చెకోస్లొవాకియా దర్శకుడు కారెల్ కఖిన్యా 1970లో పూర్తిచేసిన ‘ఉఖో’, అంటే ‘చెవి’, ఇటీవలే చూశాను. కమ్యూనిస్టు పార్టీ విందు నుంచి తిరిగొచ్చిన ఉపమంత్రి లుడ్విక్, అతని భార్య అన్నా, కరెంటు లేక, ఫోను పలకని ఇంట్లో, తమ మాటలను ఎవరో వింటున్నారన్న భయంతో తెల్లవార్లూ పోట్లాడుకోవడమే కథ. అది 1950ల నాటి కథ. పార్టీ నేత స్లాన్‌స్కీని, మరికొందరిని కల్పిత ఆరోపణలపై శిక్షించిన 1952 నాటి విచారణ తీర్పులు 1963లోనే రద్దయ్యాయి కదా; అలాంటప్పుడు 1989 దాకా దీన్ని తొక్కిపెట్టవలసిన అవసరం ఏమొచ్చింది?

జవాబు (పాత రీలు):
1963 నాటి పరిస్థితి వేరు. దేశంలో మొదలైన సంస్కరణలను అణచడానికి 1968 ఆగస్టులో సోవియట్ సేనలు దిగాయి, 1969 ఏప్రిల్‌లో ఆ సంస్కరణలు తెచ్చిన పార్టీ అధినేత దూబ్చెక్ స్థానంలోకి, వాటిని వెనక్కి తిప్పిన హుసాక్ వచ్చాడు. పైగా రచయిత యాన్ ప్రొఖాజ్కా పార్టీ మనిషై ఉండి కూడా 1968 సంస్కరణలను బాహాటంగా సమర్థించాడు. రహస్య పోలీసులు దొంగచాటుగా రికార్డు చేసిన ఆయన సంభాషణలను 1970లో ప్రభుత్వ టెలివిజన్ ప్రసారం చేసింది. మరుసటి ఏడాదే, 42 ఏళ్లకు, ఆయన కన్నుమూశాడు. రచయితనే అలా అల్లరిపాలు చేసినవారు ఆయన చిత్రాన్ని పాత కథ అని వదిలిపెడతారా?

జవాబు (గోడ పక్కన):
అదంతా నిజమే గాని, అసలు కారణం ముగింపులోనే ఉందని నా అభిప్రాయం. చిత్రం చూడనివారు ఇక్కడితో ఆగడం మంచిది. తన పై మంత్రి అరెస్టయ్యాడని తెలిసినప్పటి నుంచి, రేపో మాపో తన వంతేనని వణుకుతూ, కాగితాలు కాల్చి మరుగుదొడ్డిలో పోసిన లుడ్విక్‌కు, తెల్లవారాక ఫోనులో అందేది మంత్రి పదవి కబురు. రాత్రంతా అతని గుట్టు విన్నవారే అతన్ని పైకెత్తుతున్నారు. గతంలోని తప్పులను ఒప్పుకోవడం ఏ ప్రభుత్వానికైనా అంత కష్టం కాదు. ఎలాంటివారికి పదవులు దక్కుతాయో చూపితే మాత్రం, 1970లో కొత్తగా కుర్చీలెక్కినవారికి సూటిగా తగులుతుంది.

జవాబు (తెరచాటు):
మీరిద్దరూ రాజకీయం దగ్గరే ఆగారు. పెళ్లయి పదేళ్లు నిండిన రోజును భర్త మరిచిపోయాడన్నది అన్నా ఫిర్యాదు; నిఘా ఆ కాపురాన్ని చెడగొట్టలేదు, అప్పటికే చెడిన కాపురంలో తిష్ఠ వేసింది. తాగిన మైకంలో ఆమె వేసే ఎత్తిపొడుపులు తప్ప, చిత్రంలో తూచకుండా పలికిన మాటలు దాదాపు లేవు. అయినా భయం ముదిరేకొద్దీ వాళ్లు దగ్గరవుతారు: భర్త ప్రాణం తీసుకుంటాడేమోనని ఆమె పడే కంగారులో అంతకుముందటి ఈసడింపు మచ్చుకైనా లేదు. కొత్త పదవి కబురు విని ఆమె సంతోషించకపోగా మరింత భయపడటం ఎందుకో, ఈ కోణంలోంచి చూస్తేనే అర్థమవుతుంది.