డెంగీ తర్వాత మూడు సబ్జెక్టులు పోయాయి, సప్లీకి (తప్పిన సబ్జెక్టులు మళ్లీ రాసే పరీక్ష) ఎలా చదివారు?

సివిల్ పిల్లోడు: జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద కాలేజీ, రెండో ఏడు, ఆర్22 (2022 రెగ్యులేషన్). సెమ్ పరీక్షలకు పన్నెండు రోజుల ముందు డెంగీ, ప్లేట్‌లెట్లు 22 వేలకు పడి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నా. అలాగే వెళ్లి రాశాను, రెండో గంటకే వేళ్లు వణికి పెన్ను జారిపోయింది. మూడు పోయాయి, అందులో ఎస్‌ఓఎం (స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్), ఫ్లూయిడ్ మెకానిక్స్ ఉన్నాయి. ఇప్పటికీ గంట చదివితే తల బరువెక్కుతోంది. ఇంట్లో చెప్పలేదు.

గోదారోడు: నాకు టైఫాయిడ్. అటెండెన్స్ 63కి పడింది. సర్టిఫికెట్ పట్టుకుని హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) చుట్టూ వారం తిరిగాను, 65 దాటితేనే కండోనేషన్ (తగ్గిన అటెండెన్స్‌ని మన్నించడం) అన్నారు. రెండు శాతానికి ఏడాది పోయింది. నీది అదృష్టం తమ్ముడూ.

రాత్రిబండి: మూడు పోయినవాడితో అదృష్టం అంటావేంటన్నా!

పద్మక్క: బొప్పాయి ఆకు రసం తాగించారా? మా తమ్ముడికి రెండు రోజుల్లో 20 వేల నుంచి 90 వేలకు వచ్చింది.

ల్యాబ్ మామ: పదకొండేళ్లుగా రోజూ ఈ కౌంట్లే చూస్తున్నానమ్మా. జ్వరం దిగాక రెండు మూడు రోజులు గండం, అది దాటితే రసం తాగినా తాగకపోయినా కౌంట్ దానంతటదే పెరుగుతుంది. మీవాడు సరిగ్గా ఆ టైముకే తాగి ఉంటాడు.

పద్మక్క: అంటే మేం కళ్లతో చూసింది అబద్ధమా? మీరు సూది గుచ్చి రక్తం తీస్తారు, అంతే కదా.

ల్యాబ్ మామ: సూదే గుచ్చుతాను, కౌంట్ కూడా నేనే వేస్తాను. ఆ చేదుకి వాంతులై సెలైన్ ఎక్కించుకున్నవాళ్లని కూడా చూశాను.

రాత్రిబండి: వాడు అడిగింది సప్లీ గురించి!!

ఏడు బ్యాక్‌లాగ్‌లు: నేనున్నాగా, ఏడూ క్లియర్ చేశాను. సప్లీలో మిడ్ మార్కులు (సెమ్ మధ్యలో కాలేజీ వేసేవి) మారవు. 40కి 19 ఉన్నా బయట, అంటే సెమ్ పరీక్షలో, 60కి 21 తెచ్చుకుంటే మొత్తం 40 అయి పాస్. యూనిట్లన్నీ పట్టుకోకు. ఎస్‌ఓఎంలో షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్‌లు రోజుకి రెండు చేత్తో గీయి, చూసి చదివితే రావు. తల బరువెక్కితే ఇరవై నిమిషాలు చదివి పడుకో. డెంగీ నీరసం నాకు నెలన్నర ఉంది.

గోదారోడు: రీవాల్యుయేషన్ వేశావా? నాకు ఒకసారి నాలుగు మార్కులు కలిశాయి.

ఏడు బ్యాక్‌లాగ్‌లు: పెన్నే పట్టుకోలేనివాడి పేపర్లో ఏం కలుస్తాయి బాబూ, ఫీజు దండగ.

సివిల్ పిల్లోడు: థ్యాంక్స్ అన్నా, నా మిడ్స్ 24, 22, 17. ఆ పదిహేడుదే భయం, దానికి బయట 23 రావాలి. రాత్రి అమ్మకి చెప్పేశాను. హాల్ టికెట్ నంబరు కొట్టి రిజల్ట్ వచ్చిన రోజే చూసిందంట. సప్లీ ఫీజు డబ్బులు పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చింది.

పద్మక్క: మంచిదయ్యా. రసంలో కాస్త తేనె కలుపుకో, చేదుండదు.