నది ఒడ్డు పాత ఫ్యాక్టరీ స్థలం: "పరిమితుల లోపే ఉంది" అన్న నివేదికను నమ్మవచ్చా?

ప్రశ్న:
నది ఒడ్డున ఎప్పుడో మూతపడిన ఫ్యాక్టరీ స్థలాన్ని మా సంఘం తీసుకోవాలనుకుంటోంది. అక్కడ మొదట బొగ్గు నుంచి గ్యాసు తీసేవారు. తర్వాత లోహపు విడిభాగాలకు అంటిన జిడ్డు వదిలించే షెడ్డు నడిచింది. పర్యావరణ మదింపు నివేదిక మా చేతికి వచ్చింది. నాలుగు పరిశీలన బావులు తవ్వారు, ఒకే ఒక్కసారి నీరు పట్టారు, కాలుష్యం పరిమితుల లోపే ఉందని తేల్చారు. ఇంత లావు నివేదికలో నాకు అర్థమైంది ఆ ఒక్క వాక్యమే. సంతకం పెట్టవచ్చా? ఇంకో మాట, నీరు పట్టిన రోజున నది నిండుగా పారుతోంది.

జవాబు (భూగర్భ జలాల పని చేస్తాను):
"ఇంకో మాట" అంటూ చివర్లో పెట్టారు గానీ, అసలు సంగతి అదే. మామూలు రోజుల్లో భూమిలోని నీరు నది వైపు సాగుతుంది. నది పొంగినప్పుడు ఆ సాగుడు తిరగబడుతుంది. నది నీరే ఒడ్డులోకి చొరబడి దగ్గరలోని బావుల్లో చేరుతుంది. అలాంటి రోజున పట్టిన సీసాలో ఫ్యాక్టరీ కింది నీటి కంటే నది నీరే ఎక్కువగా ఉండవచ్చు. నీటి మట్టాల పట్టిక తీసి చూడండి. నాలుగు బావుల మట్టాలూ ఒకే రోజున కొలిచారా? వాటి పక్కన నది మట్టం రాశారా? అది లేకపోతే నీరు ఎటు నడుస్తోందో ఆ నివేదికకే తెలియదన్నమాట. నది తగ్గాక రెండో విడత పట్టమనండి.

రెండోది లోతు. జిడ్డు వదిలించే షెడ్డు అన్నారు కాబట్టి ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం వాడి ఉండే అవకాశం ఎక్కువ. అది లీటరుకు దాదాపు 1.46 కిలోలు తూగుతుంది. నీటిలో మునిగి బంకమట్టి పొర తగిలేదాకా దిగుతుంది. ఆ తర్వాత పొర వాలు ఎటుంటే అటు జారుతుంది, నీరు నడిచే దిక్కును పట్టించుకోదు. డీజిల్ తీరు వేరు, అది నీటి మీద తేలుతుంది. బావి గొట్టానికి రంధ్రాలు ఏ లోతు నుంచి ఏ లోతు వరకు ఉన్నాయో చూసి చెప్పగలరా?

అడిగినవారు:
చూశాను. నాలుగూ 6 మీటర్ల బావులే. రంధ్రాలు 3 నుంచి 6 మీటర్ల వరకు. నీరు 1.8 మీటర్ల దగ్గరే తగిలిందట. చివరి వరుసలో "ఇసుక, తవ్వకం ఆపాము" అని ఉంది. నది మట్టం ఎక్కడా లేదు.

జవాబు (అదే వ్యక్తి):
నీటి పైమట్టం 1.8 దగ్గర, రంధ్రాలు 3 దగ్గర మొదలు. తేలే నూనె ఆ గొట్టంలోకి ఎలా వస్తుంది? ఇక తవ్వకం ఇసుకలోనే ఆగింది కాబట్టి బంకమట్టి వరకు వెళ్లనే లేదు, మునిగేదీ దొరకదు. పైదాన్నీ కిందిదాన్నీ వదిలేసి నడుమ నీటిని పరీక్షించారు. అబద్ధం రాశారని అనను, వెతికిన చోట లేదు, అంతే. షెడ్డు దగ్గర బంకమట్టి పైభాగం దాకా ఒక బావి అడగండి. కానీ ఆ పొరను చీల్చుకుని కిందికి పోనివ్వవద్దు. పైన ఆగి ఉన్న ద్రావకానికి మనమే దారి చేసినట్లవుతుంది.

జవాబు (ప్రయోగశాల మనిషిని):
"గుర్తించబడలేదు" అని ఉన్న ప్రతి గడిలోనూ పక్కనున్న గుర్తింపు పరిమితిని, అంటే ఆ పరీక్ష పట్టుకోగల అతి తక్కువ మోతాదును చదవండి. అనుమతించిన విలువ కంటే ఆ పరిమితే ఎక్కువగా ఉంటే ఆ మాటకు విలువ లేదు. ఆవిరయ్యే రసాయనాలకు నీటిని 40 మిల్లీలీటర్ల సీసాలో బుడగ లేకుండా నింపాలి. తలకిందులు చేసి వేలితో తట్టినప్పుడు ఒక్క బుడగ పైకి లేచినా మేము ఆ సీసాను పక్కన పెడతాం. నాలుగు చోట్ల మట్టిని కలిపి ఒకే నమూనాగా పంపడం లోహాలకు ఒక్కోసారి చెల్లుతుంది గానీ ద్రావకాలకు చెల్లదు. కలుపుతుండగానే ఎగిరిపోతాయి.

జవాబు (పాత గ్యాసు స్థలాలు చూసినవాడిని):
నది తగ్గాక ఒడ్డు వెంట నడవండి. తవ్విన చోట మట్టి ముదురు నీలంగా కనబడితే ముట్టుకోకండి. గ్యాసును శుద్ధి చేయగా పారేసిన ఇనుప తుక్కు కావచ్చు, అందులో సయనైడ్ సమ్మేళనాలు ఉంటాయి. నీటి మీద రంగుల పొర కనిపిస్తే పుల్లతో కదపండి. అద్దం పెంకుల్లా విరిగి విడిగానే ఉండిపోతే అది సాధారణంగా ఇనుప బ్యాక్టీరియా పని, భయం లేదు. తిరిగి ఒకటిగా కలుసుకుంటే నూనె లేదా తారు.

అడిగినవారు:
ఈ రోజు వెళ్లాను. పాత కాలువ నోటి దగ్గర పొర కలిసిపోయింది. కాస్త ఎగువన మాత్రం విరిగింది.

జవాబు (గ్యాసు స్థలాల వ్యక్తి):
కాలువ నోటి దగ్గర ఫొటో తీసి స్థలం గుర్తు పెట్టుకోండి. నది అడుగు బురద నమూనా అక్కడే తీయాలి. ఇసుక కాదు, నీరు నెమ్మదించే చోట పేరుకున్న మెత్తటి బురద. పోల్చి చూడడానికి స్థలానికి బాగా ఎగువన ఇంకొకటి. పాతబడిందిలే, కొట్టుకుపోయి ఉంటుందిలే అని వదలకండి. అమెరికాలోని హడ్సన్ నదిలోకి పీసీబీలు అనే విష రసాయనాలను వదలడం 1977లో ఆగింది. అడుగు బురదను తోడడం 2009లో మొదలుపెట్టి 2015 దాకా చేశారు.

అడిగినవారు:
మదింపు చేసినవారు రెండో విడతకూ, షెడ్డు దగ్గర బావికీ ఒప్పుకున్నారు. బురద గురించి ఇంకా మాట్లాడుతున్నారు. సంతకం వాయిదా వేశాం. ఒక చిన్న చిక్కు, అక్కడ నది మట్టం చూపే కొలబద్ద లేదు.

జవాబు (భూగర్భ జలాల వ్యక్తి):
వంతెన స్తంభం ఉంటే చాలు. దాని మీద రంగుతో ఒక గీత గీసి, బావి గొట్టాల అంచులను సర్వే చేసే రోజే ఆ గీత ఎత్తునూ అదే ఆధారం నుంచి కొలిపించండి. ఆ తర్వాత బావుల్లో మట్టం చూసిన ప్రతిసారీ గీత నుంచి నీటి దాకా టేపు వదిలి, తేదీతో పాటు గంట కూడా రాయండి.