గుర్రం తన 'బాత్రూమ్' తనే పెట్టుకుంటుంది, మనం లద్దె ఎత్తక్కర్లేదు... ఒప్పుకుంటారా?

కొత్తరౌతు:
అందరికీ నమస్తే, ఒక పంచాయితీ తీర్చండి. నేనూ ఇంకొకాయనా ఒకే ప్యాడక్ (కంచె వేసిన మేత జాగా) వాడుకుంటున్నాం, ఇద్దరివీ గెల్డింగులే (విత్తులు తీయించిన మగ గుర్రాలు). ఆయన వాదన ఏంటంటే గుర్రం తిన్నచోట వెయ్యదు, ఒక మూల చూసుకుని అక్కడే వేస్తుంది, మేసేది వేరేచోట, కాబట్టి వంగి వంగి లద్దె ఎత్తితే మనకి నడుం నొప్పి తప్ప ఒరిగేదేం లేదు అని. చూస్తే నిజంలానే ఉంది, కంచె వెంబడి గడ్డి మోకాలెత్తు పెరిగి లద్దె అంతా అందులోనే ఉంది, మధ్యలో గడ్డి గుండు కొట్టించినట్టు ఉంది. కానీ అదే నా గుర్రాన్ని రాత్రి స్టాల్‌లో కడితే తెల్లారేసరికి లద్దె, ఉచ్చ, పరుపు గడ్డి అన్నీ తొక్కి ముద్ద చేసి పెడుతుంది, మొన్న ఏకంగా నీళ్ల బకెట్లోనే వేసింది. బయట అంత శుభ్రం తెలిసినది లోపల ఎందుకిలా? ఆయన మాట నమ్మొచ్చా?

పాతకళ్లెం:
మీ ప్యాడక్ ఆయన చెప్పింది కరెక్టే తమ్ముడూ. నేను చాలా ఏళ్లుగా చూస్తున్నా, గుర్రానికి ఉన్న పట్టింపు మనుషుల్లో కొందరికి లేదు. మగ గుర్రాన్ని గమనించు ఎప్పుడైనా. పాత కుప్ప దగ్గరికొస్తుంది, ముక్కు ఆనించి గట్టిగా వాసన పీలుస్తుంది, ఒక్కోసారి పైపెదవి ఎత్తి పళ్లు బయటపెట్టి ఆకాశం చూస్తుంది, తర్వాత ముందుకి నాలుగడుగులేసి సరిగ్గా దాని మీద పడేలా వేస్తుంది, వేసి ఊరుకుంటుందా, వెనక్కి తిరిగి తను వేసింది మళ్లీ వాసన చూసుకుంటుంది, సంతకం పెట్టి చదువుకున్నట్టు. ఇంత పద్ధతి తెలిసిన జంతువు వెనకాల మనం పార పట్టుకుని తిరగడం దేనికి, ప్రకృతి చూసుకుంటుంది.

పచ్చికపిచ్చి:
అన్నా మగ గుర్రం కథ నిజమే కానీ ఇక్కడ అడిగింది గెల్డింగుల గురించి కదా. ఆడ గుర్రాలూ గెల్డింగులూ ఆ ముందుకి అడుగులేసే పని చెయ్యవు. కుప్ప అంచున ఆగి తల వంచి వాసన చూసి నిల్చున్నచోటే తోక ఎత్తేస్తాయి. అంటే తల కుప్ప మీద, వెనకభాగం కుప్పకి అవతల, పడేది కూడా అవతలే. ఇంకోసారి వచ్చినప్పుడు ఆ కొత్త అంచు నుంచి మొదలు. ఇలా ప్రతిసారీ ఒక మూర బయటికి జరుగుతూ పోతుంది. కొత్తరౌతు గారూ, మీ ప్యాడక్‌లో ఆ మోకాలెత్తు గడ్డి పట్టీ వెడల్పు ఒకసారి కొలిచి పెట్టుకోండి, లద్దె ఎత్తకుండా ఆరు నెలలాగి మళ్లీ కొలవండి. పెరిగి ఉంటుంది. అది మీ గుర్రాలు తినడం మానేసిన నేల. ఉన్న ఎకరాలు అవే, మేత నేల మాత్రం తగ్గుతుంది, పైగా ఎరువు బలమంతా తినని చోట చేరి తినే చోట నేల పీల్చేసినట్టయి గడ్డి పలచబడుతుంది. దీన్ని శుభ్రత అంటారా, నాకైతే నేల నష్టం అనిపిస్తుంది.

పాతకళ్లెం:
మరి అడవిలో గుర్రాలకి ఎవరు ఎత్తుతున్నారు బాబూ?

పచ్చికపిచ్చి:
ఎవరూ ఎత్తట్లేదు, కానీ అవి ఈ మూల పద్ధతి పెద్దగా పాటించట్లేదు కూడా, అసలు మజా అక్కడే ఉంది. మేసేచోటు వేరు వేసేచోటు వేరు అన్నది బాగా ప్రచారమైంది 1976లో ఓడ్‌బర్గ్, ఫ్రాన్సిస్-స్మిత్ అనే పరిశోధకులు కంచె లోపలి గుర్రాల మీద రాసిన పేపర్ దగ్గర్నుంచి. 2004లో బెల్జియం తీరపు ఇసుకదిబ్బల్లో పెద్ద పెద్ద జాగాల్లో వదిలేసిన గుర్రాల్ని, గాడిదల్ని చూసినవాళ్లు మాత్రం అవి ఎక్కడ ఎక్కువ మేస్తాయో అక్కడే ఎక్కువ వేస్తున్నాయని రాశారు. జాగా ఉంటే గుర్రం వేసేసి ముందుకి నడిచి వెళ్లిపోతుంది. కంచె వేసి తిప్పిందే తిప్పితే అప్పుడు గీతలు గీసుకుంటుంది. కాబట్టి మీరు ప్రకృతి అంటున్నది సగం మన కంచె చేసిన పని.

నట్టలమందు:
మీరిద్దరూ గడ్డి దగ్గరే ఆగిపోయారు, పురుగుల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి. 500 కిలోల గుర్రం రోజుకి 8 నుంచి 12 సార్లు వేస్తుంది, అంతా కలిపి 20 కిలోలు అటూ ఇటూ. రెండు గుర్రాలంటే నెలకి టన్ను పైమాటే, సగం స్టాల్‌లో పడిందనుకున్నా మిగతా సగం ఆ ప్యాడక్‌లోనే ఉంటుంది. ఆ లద్దెలో స్ట్రాంగైల్ నట్టల (గుర్రం పేగుల్లో బతికే పురుగులు) గుడ్లు ఉంటే వెచ్చగా తేమగా ఉన్నప్పుడు ఒకటి రెండు వారాల్లో గుర్రానికి అంటుకునే దశకి వచ్చేస్తాయి, వాన పడిందంటే లద్దె కరిగి పిల్ల పురుగులు తడి గడ్డి పరకల మీదకి పాకుతాయి. మేత చాలినంత ఉంటే గుర్రం అటు పోదు, ఒప్పుకుంటా. గడ్డి అయిపోయిన రోజున ఆకలికి ఆ పొడుగు గడ్డిలోకే మూతి పెడుతుంది, అప్పుడు పట్టింపు గిట్టింపు ఏం ఉండదు. అందుకే వారానికి కనీసం రెండుసార్లు ఎత్తాలి, రోజూ ఎత్తితే ఇంకా మంచిది. మందు ఉంది కదా అనుకోకండి, మాటిమాటికి పట్టించడం వల్లే చాలా నట్టలకి మందులు పనిచెయ్యకుండా పోతున్నాయి. లద్దె పరీక్ష చేయించి గుడ్ల లెక్క చూసి పట్టించండి.

పాతకళ్లెం:
పోనీ గొర్రు తోలి చిమ్మేస్తే? ఎండకి చస్తాయి కదా.

నట్టలమందు:
ఎండ మాడ్చేస్తూ నేల ఎండిపోయి ఉండి, గుర్రాల్ని కొన్ని వారాలు అటు రానివ్వకుండా ఉంచగలిగితే సరే. చల్లగా తడిగా ఉన్నప్పుడు తోలారంటే మాత్రం గుర్రం కష్టపడి ఒక పక్కన పెట్టుకున్న పురుగుల్ని మీరే తీసుకెళ్లి దాని కంచంలో చల్లినట్టు. ఎత్తి కుప్ప పోసి లోపల బాగా వేడెక్కేలా కుళ్లబెట్టడం మేలు, ఆ వేడికి గుడ్లూ పురుగులూ చస్తాయి. ఆవులో గొర్రెలో ఉన్నవాళ్లు మార్చి మార్చి మేపినా లాభమే, గుర్రం వదిలేసిన పొడుగు గడ్డి అవి తినేస్తాయి, గుర్రపు నట్టల్లో దాదాపు ఏవీ వాటి కడుపులో బతకవు.

సాలదాసి:
రోజూ స్టాళ్లు ఊడ్చేదాన్ని, మీ ప్రశ్నలో ఆ రెండో సగానికి, స్టాల్ సంగతికి, నేను చెప్తా. మీ గుర్రం మురికిది కాదండీ. పన్నెండడుగుల గదిలో రాత్రంతా పదిగంటలు, నాలుగైదుసార్లు వెయ్యాల్సిందే, నడవాల్సిందే, తొక్కకుండా ఎక్కడికి పోతుంది పాపం. బకెట్ సంగతి చూడండి: గడ్డి ఏ మూల పెడుతున్నారు, బకెట్ ఏ మూల ఉంది? గడ్డి తలుపు దగ్గర, బకెట్ వెనక గోడకి కింద ఉంటే తల గడ్డిలో పెట్టి తింటున్నప్పుడు వెనకభాగం సరిగ్గా బకెట్ మీదకొస్తుంది, కావాలని చేసింది కాదు. బకెట్ తలుపు పక్కకి తెచ్చి ఛాతీ ఎత్తులో కట్టండి. స్టాల్ తీసేటప్పుడు వెనక మూలలో ఒక నాలుగు లద్దె ఉండలు వదిలెయ్యండి, కొన్ని గుర్రాలు ఆ వాసన పట్టుకుని అక్కడికే వెళ్తాయి, అన్నీ కాదు.

ఉచ్చ విషయం వేరే. గట్టి నేల మీద పోస్తే కాళ్ల మీద చిమ్ముతుందని ఆపుకుంటాయి, మెత్తటి పరుపు కనబడితే చాలు. నేను చెమటోడ్చి కొత్త పరుపు పరిచి గుర్రాన్ని లోపలికి వదలగానే కాళ్లు బారజాపి ఈల వేసినట్టు పోసేస్తుంది, రోజూ ఇదే అవమానం. ఇంకోటి, ముక్కుకి వాసన రావట్లేదని సరిపెట్టుకోకండి, గొంతుక్కూర్చుని గుర్రం పడుకున్నప్పుడు దాని ముక్కు ఉండే ఎత్తులో పీల్చి చూడండి. కళ్లు మండితే అమ్మోనియా ఉన్నట్టే, దాని ఊపిరితిత్తులకి రాత్రంతా అదే గాలి. తడి పరుపు రోజూ తియ్యాల్సిందే, ఇందులో డిబేట్ లేదు.

కొత్తరౌతు:
మేడమ్ మీరు చూసినట్టే చెప్పారు, గడ్డి తలుపు దగ్గర, బకెట్ వెనక గోడకి కిందే ఉంది. ఇంకో డౌటు, రంపపు పొట్టు మీద ఉచ్చ పోసినచోట ఎర్రగా కనబడింది, రక్తమా?

నట్టలమందు:
పోసేటప్పుడు పసుపుగానో మబ్బుగానో ఉండి తర్వాత గాలి తగిలి ఎర్రబడితే భయం లేదు, మేతలోంచి వచ్చే పదార్థాలు అలా రంగు మారతాయి. మబ్బుగా ఉండటం కూడా మామూలే, అది కాల్షియం. పోసేటప్పుడే ఎర్రగా ఉన్నా, మాటిమాటికి కాళ్లు జాపి కొంచెం కొంచెమే పోస్తున్నా, లద్దె వెయ్యడం ఆగిపోయి మేత ముట్టకపోయినా ఇక్కడ టైప్ చెయ్యకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

కొత్తరౌతు:
పది రోజుల తర్వాత అప్‌డేట్. బకెట్ మార్చాక ఒక్కసారి కూడా అందులో వెయ్యలేదు. వెనక మూల చిట్కా సగం పనిచేసింది, ఎక్కువ లద్దె అటే పడుతోంది, కానీ పొద్దున్నే పక్క స్టాల్ గుర్రాన్ని ముందు బయటికి తీశామంటే ఇది కంగారుపడి గిరగిరా తిరిగి పలచగా వేసి అంతా తొక్కేస్తోంది, ఇప్పుడు రెండింటినీ ఒకేసారి తీస్తున్నాం. ప్యాడక్ పట్టీ కొలిచాం, ఒకచోట తొమ్మిది అడుగులు, ఒకచోట పద్నాలుగు. ఆ పద్నాలుగు చూశాక ఆయన ఇంకేం మాట్లాడలేదు. బుధవారం, ఆదివారం ఎత్తుతున్నాం, తోపుడు బండి ఆయన తోస్తున్నాడు, పార నాది.

పాతకళ్లెం:
బండి తోసేవాడికే నడుం నొప్పి తక్కువ తమ్ముడూ, తెలివైనవాడే మీ ప్యాడక్ ఆయన. నా ప్యాడక్‌లో కూడా కొలిచా. ఎంతో చెప్పను.