తటస్థ పరమాణువుల చిత్రంలో ఎర్రగా ఉన్నచోటే అయాన్లు ఎక్కువా?

ప్రశ్న (ఎం.ఎస్సీ. విద్యార్థిని, తార్నాక): నమస్కారం. 2000 మార్చిలో ప్రయోగించిన ఇమేజ్ ఉపగ్రహం భూఅయస్కాంత తుఫానుల వేళ తీసిన తటస్థ పరమాణువుల చిత్రాలను ప్రాజెక్టు కోసం పరిశీలిస్తున్నాను. కొన్నింటిలో భూమి అంచును ఆనుకొని ఎర్రటి, అంటే ఎక్కువ ప్రకాశాన్ని సూచించే మచ్చ ఉంది. వలయ విద్యుత్ ప్రవాహంలోని (భూమి చుట్టూ వలయంలా సాగే ఆవేశిత కణాల ప్రవాహంలోని) అయాన్లు అక్కడే దట్టంగా ఉన్నాయని సెమినార్‌లో చెబితే మా గైడుగారు ఒప్పుకోలేదు, కారణమూ చెప్పలేదు. నా పొరపాటు ఎక్కడుంది?

సమాధానం (విశ్రాంత అధ్యాపకుడు, హబ్సిగూడ): అమ్మా, గైడుగారి మాట సబబే, కారణం కూడా చెప్పి ఉండవలసింది. వలయ ప్రవాహంలో వేగంగా తిరిగే ప్రోటాన్, భూమిని చాలా దూరం వరకు ఆవరించి ఉన్న చల్లని హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటే తటస్థమైపోతుంది. ఆ క్షణం నుంచి అయస్కాంత క్షేత్రం దానిని వంచలేదు కాబట్టి, దాదాపు అదే శక్తితో తిన్నగా దూసుకుపోతుంది. ఉపగ్రహానికి చిక్కేది అదే. కనుక చిత్రంలోని ప్రకాశం అయాన్ల ప్రవాహం, తటస్థ వాయువు సాంద్రత, ఎలక్ట్రాన్ మార్పిడి జరిగే అవకాశం, ఈ మూడింటి లబ్ధాన్ని చూపురేఖ పొడవునా కూడితే వచ్చేది. చలికాలం తెల్లవారుజామున ట్యాంక్‌బండ్ మీద దీపాలను చూడండి: మంచు దట్టంగా ఉన్నచోట చిన్న దీపం చుట్టూ కూడా పెద్ద వెలుగు పరుచుకుంటుంది. భూమి అంచు దగ్గర వాయువు దట్టం, అందులో ఆక్సిజన్ కూడా కలుస్తుంది. అక్కడి మచ్చ ఎక్కువగా ఆ దట్టదనం వల్లనే. అయాన్ల పంపిణీ కావాలంటే వాయు సాంద్రతకు ఒక నమూనా తీసుకొని, చిత్రం నుంచి వెనక్కి గణించాలి. ఒకే కోణం నుంచి తీసిన చిత్రంతో ఇది కష్టం. 2008 నుంచి ట్విన్స్ జంట ఉపగ్రహాలు రెండు కోణాల నుంచి చూసింది అందుకే.

ప్రశ్న: ధన్యవాదాలు సర్. మన ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) అయస్కాంత పరిశోధనాలయపు రికార్డుతో ఈ చిత్రాలను పోల్చవచ్చా?

సమాధానం: తప్పక పోల్చండి. వలయ ప్రవాహం పడమటి దిశగా సాగుతుంది గనుక తుఫాను ముదిరే దశలో హైదరాబాదులో భూఅయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర అంశం పడిపోతుంది. అయితే ఆ దశలో ప్రవాహం భూమి చుట్టూ సమానంగా ఉండదు, సాయంకాలపు వైపు బలంగా ఉంటుంది. కోలుకునే దశలోనే ఇంచుమించు సమవలయమవుతుంది. అందుచేత ఒక్క కేంద్రపు తగ్గుదలను మొత్తం ప్రవాహానికి కొలతగా తీసుకోకుండా, డీఎస్‌టీ సూచికను (పలు కేంద్రాల కొలతల నుంచి లెక్కగట్టే తుఫాను తీవ్రతా సూచికను) కూడా పక్కన గీయండి. ప్రశాంతంగా ఉన్న రోజుల సగటును ముందే తీసివేయాలి, లేకపోతే పగటిపూట సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు తుఫానులో కలిసిపోతాయి. మరొక మాట, చిత్రాల మీది వేళ సార్వత్రిక కాలంలో ఉంటుంది: చిత్రంలో 18:00 అని ఉంటే మన గడియారంలో రాత్రి 11:30, అంటే అప్పుడు మన కేంద్రం ఉన్నది అర్ధరాత్రి వైపున.